అమ్మమ్మ చేతిలో హ్యాండిల్

మా అమ్మమ్మకు కోపం ముక్కు మీద ఉండేది. ఆ ముక్కు మీదే కళ్లజోడు కూడా ఉండేది కాబట్టి చోటు చాలక రెండూ తరచూ జారుతూ ఉండేవి. కళ్లజోడును చూపుడువేలితో పైకి తోసుకునేది. కోపాన్ని మాత్రం ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ల మీదకి జారనిచ్చేది. అలాంటి మనిషికి ఆ నెలంతా కోపం రాలేదు. పాలు పొంగిపోయినా రాలేదు, తాత తడి తువ్వాలు మంచం మీద పడేసినా రాలేదు. ఇంట్లోవాళ్లకు గుండెల్లో రాయి పడింది అప్పుడే.

ఆవిడ పని కెర్నెల్ రాయడం. కంప్యూటర్లో మనకు కనిపించే తెరలూ బొమ్మలూ పైపై హంగులు. వాటి అడుగున కూర్చుని, ఎవరికి ఎంత మెమరీ, ఎవరి వంతు ఎప్పుడు అని పంచిపెట్టేది కెర్నెల్. ఉమ్మడి కుటుంబంలో వంటింటి పెత్తనం లాంటిది అది. సాగినన్నాళ్లూ ఎవరికీ గుర్తుండదు, ఒక్క పూట తప్పితే ఇల్లంతా పస్తు.

ఆవిడ పనిచేసే కంపెనీ చిన్నది. రెండు గదులు, ఒక వరండా, వరండాలో ఎప్పుడూ విప్పి పడేసిన యంత్రాల డొక్కులు. అక్కడ డయాలసిస్ యంత్రాలు తయారయ్యేవి. కిడ్నీలు చేతులెత్తేసినవాళ్ల రక్తాన్ని గొట్టంలోంచి బయటికి లాగి, కడిగి, మళ్లీ ఒంట్లోకి పంపే యంత్రాలు. ఇక మా తాత సంగతి చూడండి. ఆయన జీవితమంతా బస్సు నడిపాడు. ఆయన రిటైరయ్యేసరికి బస్సు నిక్షేపంలా ఉంది, ఆయన కిడ్నీలే షెడ్డుకెళ్లాయి. వారానికి మూడు మధ్యాహ్నాలు ఊళ్లోని ఆసుపత్రిలో, పెళ్లాం రాసిన కెర్నెల్‌తో నడిచే యంత్రం పక్కన పడుకునేవాడు.

"కట్టుకున్నందుకు ఇన్నాళ్లూ మాటలతో రక్తం తాగింది, ఇప్పుడు యంత్రం పెట్టి తాగుతోంది" అని వార్డులో అందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఆ నవ్వు ఆగిపోయింది. యంత్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలుపెట్టాయి.

నడుస్తూ నడుస్తూ తెర రాయిలా నిలబడిపోయేది. కెర్నెల్ ఉలకదు, పలకదు. దాని మీద కాపలాగా ఇంకో చిన్న సర్క్యూటు ఉంటుంది. దానికి తెలివితేటలు లేవు, భయం మాత్రమే ఉంది. కెర్నెల్ పలకలేదంటే చాలు, పంపు ఆపేసి, గొట్టం బిగించి, వార్డు అదిరేలా కూత పెడుతుంది. అప్పుడు పెద్ద నర్సు పరుగున వచ్చి, స్విచ్చి ఆపి, యంత్రం పక్కన వేలాడే ఇనుప హ్యాండిల్ తీసి పంపుకు తగిలించి, గొట్టంలోని రక్తాన్ని చేత్తో తిప్పి మనిషి ఒంట్లోకి పంపాలి. ఆలస్యమైతే అది గొట్టంలోనే గడ్డకడుతుంది. వార్డులో మూలమంచం మీది టీచరమ్మకు అలాగే జరిగింది. గొట్టమంత రక్తం చెత్తబుట్ట పాలైంది. అసలే ఆవిడ ఒంట్లో ఉన్నది అంతంతమాత్రం.

ఆసుపత్రివాళ్లు తేల్చి చెప్పేశారు. ఈ నెలాఖరులోగా రోగం కనిపెడితే సరి, లేకపోతే యంత్రాలన్నీ తీసేస్తాం. వేరే యంత్రాలు తెప్పించే స్తోమత లేదు, వార్డు మూసేస్తాం. ఆ తర్వాత దగ్గరలోని వార్డు అంటే రాత్రంతా రైలు ప్రయాణం. వారానికి మూడుసార్లు. తాత నడిస్తే గోడ పట్టుకుని నడిచే స్థితిలో ఉన్నాడు. రైలెక్కితే ఎన్నాళ్లు ఎక్కగలడో ఇంట్లో ఎవరూ నోరు తెరిచి లెక్క వేయలేదు.

కంపెనీలో అమ్మమ్మ పైన ఒక కుర్ర మేనేజరు ఉండేవాడు. ఏదడిగినా "రేపటికల్లా" అనేవాడు కాబట్టి అతని పేరే రేపటికల్లా అయిపోయింది.

"మేడమ్, ఒక పని చేద్దాం. బిగుసుకోగానే దానంతటదే మళ్లీ మొదలయ్యేలా పెడదాం. రేపటికల్లా అయిపోతుంది."

"మళ్లీ మొదలై, అన్నీ సరిచూసుకుని, పంపు తిరిగేసరికి గొట్టంలో రక్తం పెరుగులా తోడుకుంటుంది బాబూ."

"పోనీ ఏ పేజీనీ బయటికి పంపకుండా అన్నిటినీ మెమరీలోనే మేకు కొట్టి ఉంచితే?"

"చోటేదీ? చవగ్గా వస్తుందని అంత చిన్న మెమరీ పెట్టింది మీరేగా. చాప ఒకటి, పడుకునేవాళ్లు పదిమంది."

ఈ పేజీల గొడవ ఏమిటంటే, యంత్రంలో మెమరీ తక్కువ. అందుకని దాన్ని పేజీలనే ముక్కలుగా కోసి, కాసేపు ఎవరూ ముట్టని పేజీని పక్కనున్న కార్డులో దాచేసి, ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. మళ్లీ ఆ పేజీ కావాలని ఎవరైనా చెయ్యి చాపితే, అక్కడ ఉండదు. దాన్నే పేజీ ఫాల్ట్ అంటారు. పేరు పెట్టినవాడెవడో నోటి దురుసు మనిషి. అందులో తప్పేమీ లేదు. అటక మీద పెట్టిన బిందె కావాలంటే అటకెక్కి తేవాలి, అంతే. చెయ్యి చాపినవాణ్ని అలాగే నిలబెట్టి, కెర్నెల్ వెళ్లి పేజీ తెచ్చి చేతిలో పెడుతుంది. వాడికి మధ్యలో ఆగిన సంగతి కూడా తెలియదు.

తేవడానికి వెళ్లేటప్పుడు కెర్నెల్ ఒక తాళం తీసుకోవాలి. మెమరీ అరలను ఇద్దరు ఒకేసారి సర్దితే ఒకరి సామాను మీద ఇంకొకరి సామాను పడుతుంది కదా. తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే సర్దాలి, మిగతావాళ్లు వరసలో నిలబడాలి. అమ్మమ్మకు ఇదంతా కొట్టిన పిండి. తప్పు ఈ చుట్టుపక్కలే ఉందని ఆవిడకు ఒళ్లు చెబుతోంది. కానీ ఆఫీసులో యంత్రాన్ని ఎంత నడిపినా బిగుసుకోదు. రక్తం బదులు నీళ్లు పోసి నడిపారు, వేడిచేసి నడిపారు, కరెంటు తీసి పెట్టి నడిపారు. పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా బుద్ధిగా నడిచేది. వార్డుకు తీసుకెళ్లగానే అసలు గుణం చూపించేది.

బిగుసుకున్న యంత్రాన్ని అలాగే ఉంచితే, వెనక రంధ్రంలో తీగ గుచ్చి, లోపల ఏ పని ఎక్కడ ఆగిందో చదవొచ్చు. కానీ నర్సు మొదట చేసేదే స్విచ్చి ఆపడం. ఆపితే లోపలిదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆవిణ్ని తప్పుపట్టడానికీ లేదు, వార్డు నిబంధనే అది. శవాన్ని తగలబెట్టేశాక ఎలా చచ్చాడో చెప్పమన్నట్టు ఉండేది అమ్మమ్మ పరిస్థితి.

నెల సగం దాటింది. ఆవిడ కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు కెలికేది. తను రాసిన కోడ్‌లో ప్రతి ముక్కనూ అనుమానంగా చూసి చూసి, చివరికి అన్నీ దొంగముఖాల్లాగే కనిపించడం మొదలైంది.

"ఏమోయ్" అన్నాడు తాత ఒకరోజు. "నా వల్ల కాదు, ఇంకొకళ్లకు అప్పగించండి అని చెప్పెయ్యరాదూ?"

"ఇంకొకళ్లెవరున్నారు?"

"రేపటికల్లా ఉన్నాడుగా."

ఆవిడ నవ్వలేదు. తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన వేసిన జోకుకు ఆవిడ కనీసం విసుక్కోకపోవడం అదే మొదటిసారి.

ఇక తట్టుకోలేక అమ్మమ్మ ఆఫీసు మానేసి మధ్యాహ్నాలు వార్డులో కూర్చోవడం మొదలుపెట్టింది. అంతవరకు ఆవిడ ఆఫీసయ్యాక వచ్చి తాతను ఇంటికి తీసుకెళ్లడమే గానీ, యంత్రం నడుస్తుండగా ఏనాడూ చూసింది లేదు. కంపెనీవాళ్లు పరీక్షకు వచ్చినా పొద్దున్నే, వార్డు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చేవాళ్లు. ఇప్పుడు ఒళ్లో లాప్‌టాప్, చేతిలో తీగ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా ఉన్నది కట్టుకున్నవాడి ఒంట్లోంచి వస్తున్న ఎర్రటి గొట్టం. అది బిగుసుకోకూడదని ప్రాణం కొట్టుకుంటోంది. బిగుసుకుంటే తప్ప రోగం దొరకదు. ఏది కోరుకోవాలో తెలియని కూర్చోవడం అది.

రెండోరోజు అది జరిగింది. తాత వంతు ముగియబోతోంది. పెద్ద నర్సు బీపీ చూసి, తెర మీద అంకెలు నొక్కి, చివర్లో సరే అన్న బొత్తాం నొక్కింది. తెర కదల్లేదు. పంపు ఆగింది. కూత మొదలైంది.

నర్సు చెయ్యి స్విచ్చి మీదకి వెళ్లింది.

"సిస్టర్, ఆపొద్దు!" అమ్మమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఏంటమ్మా మీరు? వదలండి, రక్తం ఆగిపోయింది!"

"తిప్పుదాం. హ్యాండిల్‌తో తిప్పుదాం. స్విచ్చి మాత్రం ఆపొద్దు. ఆపితే మళ్లీ దొరకదు."

"ఈ కూతకి మిగతా పేషెంట్లు హడలి చస్తారు. అక్కడ టీచరమ్మని చూడండి, ఏడుస్తోంది."

"కూయనివ్వండి సిస్టర్" అన్నాడు తాత. మొహం పాలిపోయింది గానీ గొంతు మామూలుగానే ఉంది. "బతుకంతా హారన్ కొట్టినవాణ్ని. నాకిది జోలపాట."

నర్సు వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. "తిప్పడానికి ఒకళ్లు, గాలి బుడగ వస్తుందేమో చూడ్డానికి ఒకళ్లు కావాలి. బుడగ నేను చూస్తా. మీరు తిప్పండి. తొందరపడొద్దు, ఆగొద్దు. మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి నా ఉద్యోగం తీసేట్టున్నారు."

తీగ స్టూలు మీద వదిలేసి అమ్మమ్మ హ్యాండిల్ పట్టుకుంది. ఇనుము చల్లగా ఉంది. తిప్పుతుంటే గొట్టంలో ఎరుపు మెల్లగా కదిలింది. చెవులు చిల్లులు పడేలా కూత. ఆవిడకు ఆ క్షణంలో కెర్నెల్ గుర్తులేదు, పేజీలు గుర్తులేవు. భుజం లాగేస్తోంది. చెయ్యి మార్చుకుందామంటే ఆ కాస్తలో రక్తం ఆగుతుందని భయం. తాత కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఏం గొణుగుతున్నాడా అని వంగి వింటే, "గేరు మార్చు, ఎక్కుడు రోడ్డు" అంటున్నాడు.

గొట్టం తెల్లబడింది. నర్సు సూదులు తీసి, దూది అదిమిపెట్టి, "ఇక మీ ఇష్టం" అంది.

అప్పుడు తీగ గుచ్చింది అమ్మమ్మ. లోపలి సంగతి లాప్‌టాప్ మీద వరసగా వచ్చింది. పేజీ తేవడానికి బయల్దేరిన పని తాళం కోసం ఎదురుచూస్తోంది. మరి తాళం ఎవరి దగ్గరుంది? చూసింది. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూసింది. తాళం ఆ పని దగ్గరే ఉంది. తన చేతిలోని తాళం కోసం తనే వరసలో నిలబడి ఉంది. దాని వెనక మిగతా పనులన్నీ, పంపును నడిపేది కూడా, బారులు తీరి ఉన్నాయి.

ఆ ముక్క రాసింది ఎవరో వెతకాల్సిన పని లేకుండా పోయింది. తనే. కంపెనీలో చేరిన కొత్తలో రాసింది. తెర మీద నొక్కిన అంకెలను కెర్నెల్ లోపలికి తీసుకునే చిన్న ముక్క. ముందు తాళం తీసుకుని, ఆ తర్వాత చెయ్యి చాపి అంకెలు అందుకోవడం. మనిషి ఇప్పుడే నొక్కిన అంకెలు కదా, పేజీ లోపలే ఉంటుందని ధీమా. ఆఫీసులో ఎప్పుడు చూసినా లోపలే ఉండేది కూడా.

అమ్మమ్మ నర్సువైపు తిరిగింది. "సిస్టర్, ఈ అంకెలు ఎప్పుడు నొక్కారు?"

"మొదటి బీపీ మొదట్లోనే నొక్కేస్తా కదా. తెర అలాగే ఉంచి, ఆఖరి బీపీ చూశాక అదీ నొక్కి సరే కొడతా. చివర్లో రెండూ కలిపి రాద్దామంటే మొదటిది మర్చిపోతాను. ఎందుకమ్మా, తప్పా?"

తప్పు కాదు. కానీ ఆఫీసులో ఎవరూ అలా చేయలేదు. రెండూ ఒక్క ఊపులో నొక్కి సరే కొట్టేవాళ్లు. పైగా ఆఫీసు యంత్రాన్ని పొద్దున్నే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు. వార్డులో ఒకరి తర్వాత ఒకరికి ఆపకుండా నడిపితే మధ్యాహ్నానికి మెమరీ కిటకిటలాడేది. సగం నింపిన తెర గంటల తరబడి అలా ఉండిపోతే, ఎవరూ ముట్టడం లేదని కెర్నెల్ దాని పేజీని కార్డులోకి పంపేసేది. నర్సు సరే కొట్టేసరికి కెర్నెల్ చేతిలో తాళం, పేజీ ఏమో బయట.

"నేనేనండీ" అంది అమ్మమ్మ తాతతో. "టీచరమ్మ రక్తం పారబోసింది నేనే."

తాత దూది అదిమిపట్టుకున్న చేత్తోనే ఆవిడ కొంగు లాగాడు. "ముందు ఇంటికి పద. తిట్టుకోవడానికి అక్కడ చోటు ఎక్కువ."

మర్నాడు రేపటికల్లా ఎగిరి గంతేశాడు. "ఇంత సులువా! మేడమ్, నర్సులకు చెప్పేద్దాం. ముందుగా నొక్కొద్దు, చివర్లోనే నొక్కండి అని గోడకు కాగితం అంటిద్దాం. ఇవాళే అయిపోతుంది!" అతని నోట ఇవాళ అన్న మాట రావడం అదే మొదలు.

అమ్మమ్మ వెంటనే కాదనలేదు. అదే ఆవిడ తర్వాత్తర్వాత కూడా మింగలేకపోయిన విషయం. కాగితం అంటిస్తే వార్డు నిలబడుతుంది, తాత రైలెక్కనక్కర్లేదు. నెలాఖరు ముంచుకొస్తోంది. నోటిదాకా వచ్చిన సరే అన్న మాట దగ్గర ఆగి, కాసేపు వరండాలోని డొక్కుల మధ్య తిరిగింది. కాగితం ఏదో ఒకరోజు ఊడిపోతుంది. కొత్త నర్సు వస్తుంది. ఇంకో ఊళ్లో ఇంకెవరో ఇంకేదో తెరను సగంలో వదిలేసి టీకి వెళ్తారు. అప్పుడు అక్కడ హ్యాండిల్ తిప్పడానికి మనిషి ఉండొచ్చు, లేకపోవచ్చు.

"మనుషులు మర్చిపోతారనే కదా బాబూ యంత్రం పెట్టింది. యంత్రం తప్పుకు మనుషుల్ని జాగ్రత్తగా ఉండమంటే ఎలా?" అంది తిరిగొచ్చి. అన్నాళ్ల తర్వాత ఆ గొంతులో కాస్త కోపం వినిపించి, అతను ఒక అడుగు వెనక్కి వేశాడట.

ఆవిడ తిరగరాసింది. బయటినుంచి ఏది కావాలన్నా కెర్నెల్ తాళం ముట్టకముందే తెచ్చి తన గదిలో పెట్టుకోవాలి. పేజీ లేకపోతే అప్పుడే, ఖాళీ చేతులతో వెళ్లి తెచ్చుకోవాలి. తాళం చేతిలో ఉండగా తప్పనిసరిగా బయటికి చూడాల్సి వస్తే, చూడొచ్చుగానీ వెళ్లకూడదు. పేజీ లేదా, లేదని అక్కడికక్కడే వెనక్కి వచ్చేసి, తాళం కింద పెట్టి, తెచ్చుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇక ఫలానా అరలో ఉందని ఏదైనా ప్రోగ్రాము ఇచ్చిన చిరునామాయే తప్పుడుదైతే, ఆ ప్రోగ్రామును మాత్రం ఆపాలి. కెర్నెల్ దానితోపాటు బావిలో దూకకూడదు. చెప్పుకోవడానికి ఇంతే. అలాంటి చోట్లు ఇంకా ఎన్ని ఉన్నాయో వెతికి సరిచేసేసరికి ఆవిడ వేళ్లు కొంకర్లు పోయాయి. ఆఫీసులో కావాలని పేజీలన్నిటినీ తరిమేసి, నీళ్లు నింపిన యంత్రం మీద నర్సులాగే సగం నొక్కి వదిలేసి, మధ్యాహ్నందాకా ఆగి, సరే కొట్టి చూసింది. ఆగలేదు. మళ్లీ చూసింది. తప్పుడు చిరునామాలిచ్చి చూసింది. ఆగలేదు.

అయినా నీళ్లు నీళ్లే. వార్డు డాక్టరు, "ఒక్క యంత్రం మీద, ఒప్పుకున్న మనిషికి పెట్టి చూద్దాం" అన్నాడు. వార్డులో అందరూ కప్పువైపు చూశారు. టీచరమ్మ దుప్పటి తలమీదకి లాక్కుంది.

"నాకు పెట్టండి" అన్నాడు తాత.

"వద్దు" అంది అమ్మమ్మ. "ఈయనకి వద్దు డాక్టర్‌గారూ."

"ఏమే, నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

"ఇంతకుముందూ ఉండేది. అందుకే ఇంత జరిగింది."

"నేను నడిపే బస్సు ఎక్కడానికి నువ్వెప్పుడైనా భయపడ్డావా?"

"ప్రతిసారీ భయపడ్డాను. మీకు చెప్పలేదు."

"భయపడుతూనే ఎక్కావుగా. నేనూ అలాగే ఎక్కుతా" అన్నాడు తాత.

ఆ రోజు యంత్రాన్ని పొద్దుటినుంచి ఆపకుండా ఉంచారు. మధ్యాహ్నం తాతకు సూదులు గుచ్చారు, ఎరుపు గొట్టంలోకి ఎక్కింది. పెద్ద నర్సు మొదటి బీపీ నొక్కి, ఎప్పటిలాగే తెరను సగంలో వదిలేసి వెళ్లిపోయింది. అమ్మమ్మ స్టూలు మీద కూర్చుంది. ఈసారి లాప్‌టాప్ తెచ్చుకోలేదు. పంపుకు తగిలించే హ్యాండిల్‌ను తాడు విప్పి చేతిలో పట్టుకుంది. ఎండ కిటికీలోంచి నేల మీదకి దిగి, మంచం కోడుదాకా జరిగింది. తాత ఏవో రెండు జోకులు వేసి, వినేవాళ్లు లేక, గురక పెట్టి నిద్రపోయాడు.

నర్సు వచ్చింది. పట్టీ కట్టి బీపీ చూసింది. ఆఖరి అంకెలు నొక్కింది. సరే బొత్తాం మీద వేలు పెట్టి అమ్మమ్మవైపు చూసింది. అమ్మమ్మ హ్యాండిల్‌తో లేచి నిలబడింది.

నర్సు నొక్కింది.

తెర ఆగింది. పేజీ లోపల లేదు. అమ్మమ్మ పంపువైపు ఒక అడుగు వేసింది. రెప్పపాటు అంటారే, అంతే. అంకెలు మాయమై, భద్రపరిచాం అన్న మాట వచ్చింది. పంపు తిరుగుతూనే ఉంది. ఎరుపు ఎక్కడా నిలబడలేదు.

"అమ్మా, అయిపోయింది" అంది నర్సు మెల్లగా. "హ్యాండిల్ ఇవ్వండి, తగిలించేస్తా."

అమ్మమ్మ ఇవ్వలేదు. వేళ్లు విడిపోలేదు. నర్సు కూడా అడగడం మానేసి, పక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

వంతు ఇంకా కాస్త మిగిలి ఉంది. తాతకు మెలకువ వచ్చి ఒక కన్ను తెరిచాడు. పెళ్లాం మొహం చూశాడు, చేతిలో ఇనుప కడ్డీ చూశాడు, పంపువైపు చూశాడు.

"ఏమోయ్, మన స్టాపు వచ్చేసిందా?"

"ఇంకా రాలేదు" అంది అమ్మమ్మ, కళ్లజోడు పైకి తోసుకుంటూ. "పడుకోండి."